అణువుల ఆకారాలు – 3: ఒంటరి జంట తోపు

కిందటి పాఠంలో అన్నీ బంధ జంటలే (రెండు పరమాణువుల్ని కలిపే ఎలక్ట్రాన్ జంటలే) ఉన్న అణువులు చూశాం. ఈసారి అమ్మోనియా. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటలున్న ఇళ్లలో ఈ పేరు తెలియనివాళ్లుండరు.

ముందు లెక్క. మధ్యనున్న నైట్రోజన్ బయటి కక్ష్యలో 5 ఎలక్ట్రాన్లు, హైడ్రోజన్లు తెచ్చేవి 3. మొత్తం 8, అంటే 4 జంటలు. మూడు హైడ్రోజన్లకు పోగా మిగిలింది ఒకటి. ఏ బంధంలోనూ లేని అలాంటి జంటే ఒంటరి జంట.

ఎక్కువ మంది తప్పేది ఇక్కడే. నాలుగు పరమాణువులే కదా అని బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లాగా బల్లపరుపుగా, 120 డిగ్రీలతో గీసేస్తారు. బోరాన్ చుట్టూ ఉన్నవి 3 జంటలే (3+3=6). లెక్కపెట్టాల్సింది పరమాణువుల్ని కాదు, జంటల్ని.

నమ్మకం కుదరకపోతే నాలుగు బుడగలు సమానంగా ఊదండి. రెండేసి చొప్పున మూతులు కట్టి, ఆ రెండు జతల్నీ ముడి దగ్గర మెలిపెట్టండి. ముడి వదులైతే జారిపోతాయి, గట్టిగా బిగించాలి. బల్లమీద అదిమి పరిచినా చెయ్యి తీయగానే ఒకటి పైకి లేస్తుంది. ఏ రెండింటి మధ్య చూసినా దాదాపు 109.5 డిగ్రీలే. ఇప్పుడు ఒకదాన్ని మాత్రం పెద్దదిగా ఊది కట్టండి. మిగతా మూడూ దగ్గరకు నొక్కుకుంటాయి. ఒంటరి జంట పనీ ఇదే. అవతలి నుంచి లాగే రెండో కేంద్రకం లేదు కనుక అది నైట్రోజన్ దగ్గరే వెడల్పుగా పరుచుకుంటుంది. అందుకే అమ్మోనియాలో కోణం సుమారు 107కు తగ్గింది.

పేరు పెట్టేటప్పుడు మాత్రం ఒంటరి జంటను వదిలేయాలి. జంటల అమరిక చతుర్ముఖి (నాలుగు త్రికోణపు ముఖాలున్న ఆకారం), అణువు ఆకారం పిరమిడ్.

ఆ ఒంటరి జంట ఒక ప్రోటాన్‌ను (ఎలక్ట్రాన్ పోయిన హైడ్రోజన్‌ను) పట్టుకుంటే అమ్మోనియం అయాన్. 5+4=9, ధనావేశం ఒకటి కాబట్టి ఒకటి తీసేయాలి, కలపకూడదు. 8 వస్తుంది. నాలుగూ బంధ జంటలే, కోణం మళ్లీ 109.5. గుంటలో మధ్యాహ్నానికి నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుని పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) పెరిగితే, అమ్మోనియం ఆ ప్రోటాన్‌ను వదిలి తిరిగి అమ్మోనియా అవుతుంది. ఆవేశం లేదు కనుక మొప్పల్లోంచి సులువుగా లోపలికి దిగుతుంది. రొయ్యకు అసలు ముప్పు దీంతోనే. నీటి పరీక్ష కిట్ అమ్మోనియా, అమ్మోనియం రెండింటి మొత్తాన్నే చూపిస్తుంటే పీహెచ్ కూడా చూడందే ఆ అంకెతో లాభం లేదు.

నీటికి, దానికి ఒక ప్రోటాన్ చేరితే వచ్చే హైడ్రోనియం అయాన్‌కు ఇదే లెక్క మీరే వేయండి. నీటిలో ఒంటరి జంటలు రెండు, కోణం 104.5 ఎందుకయిందో బుడగలతో చూడండి. క్లోరిన్ ట్రైఫ్లోరైడ్ జోలికి ఇప్పుడే పోవద్దు. అక్కడ జంటలు 5, వచ్చే భాగం మొత్తం దానికే.