పాత కారు మొరాయిస్తే పార్టు కొనకముందు మీటరు పెట్టి చూడండి

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు ఇళ్ల ముందు ఏపీ 24, ఏపీ 22 నంబర్లతో ఆల్టోలు, వ్యాగన్ ఆర్‌లు, శాంత్రోలు ఇంకా చాలానే కనిపిస్తాయి. పదిహేనేళ్లు దాటినా రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుని పెళ్లిళ్లకు, ఆస్పత్రులకు, యాదగిరిగుట్టకు తిరుగుతూనే ఉంటాయి. వీటి ఇంజిన్లు అంత తొందరగా పోయేవి కావు. మన జేబుకు చిల్లు పెట్టేది అంచనా మీద పార్టులు మార్చడం. ముందు బ్యాటరీ అంటారు, వారానికి దాన్ని చార్జ్ చేసే డైనమో అంటారు, తర్వాత ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు అంటారు, ఇన్ని మార్చాక అసలు లోపం బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్‌కు కలిపే ఎర్త్ వైరు బోల్టు కింద పట్టిన తుప్పు అని తేలుతుంది.

కొన్ని వందల రూపాయలు పెడితే డిజిటల్ మల్టీమీటర్ వస్తుంది. దాంతోపాటు 10 నంబరు స్పానర్, ఉప్పుకాగితం, టార్చిలైటు ఉంటే కింద చెప్పినవాటిలో చాలా పరీక్షలు ఇంటి ముందే చేసుకోవచ్చు. అయితే మీటరు కంటే ముందు కాగితం తీయండి. లోపం ఎప్పుడు వస్తోందో రాసుకోండి: పొద్దున మొదటి స్టార్టింగ్‌లోనా, బండి వేడెక్కాకనా, ఏసీ వేసినప్పుడా, వాన పడ్డాకనా, ఎత్తు ఎక్కేటప్పుడా. "బండి మంచిగ నడుస్తలేదు" అని షెడ్డులో చెబితే మెకానిక్‌కు చీకట్లో వెతకడమే మిగులుతుంది.

స్టార్ట్ కాకపోవడంలోనే మూడు రకాలున్నాయి. తాళం తిప్పితే టకటకమని వరసగా శబ్దం వచ్చి డాష్‌బోర్డు లైట్లు మసకబారితే, బ్యాటరీలో కరెంటు లేదు లేదా టెర్మినల్ దగ్గర కాంటాక్ట్ లేదు. ఒక్కసారి టక్‌మని ఆగిపోయి, లైట్లు మాత్రం మంచిగానే వెలుగుతుంటే సెల్ఫ్ మోటారు వైపో, దానికి వెళ్లే లావు వైర్ల వైపో చూడాలి. సెల్ఫ్ జోరుగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే బ్యాటరీని వదిలేయండి, అది పెట్రోలు లేదా స్పార్క్ సంగతి.

బ్యాటరీని రాత్రంతా కదిలించకుండా ఉంచి పొద్దున కొలవండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 ఉంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగానికి దిగినట్టు. ఆ తర్వాత ఎవరినైనా తాళం తిప్పమని చెప్పి మీటరు చూస్తూ ఉండండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ అలసిపోయి ఉండాలి, లేదా సెల్ఫ్ మోటారు ఎక్కువ కరెంటు తాగుతూ ఉండాలి. బండి స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. హెడ్‌లైట్లు, ఏసీ, బ్లోయర్ అన్నీ వేసి కాస్త రేజ్ చేసినా 13 దాటకపోతే మొదట బెల్టు బిగువు చూసి, ఆ తర్వాతే డైనమో మీద అనుమానపడండి. 15 దాటిందా, డైనమో వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చెడిపోయినట్టే, కొత్త బ్యాటరీ వేసినా అందులో నీళ్లు మరిగిపోతాయి. మన ఎండలకు నీళ్లు పోసే రకం బ్యాటరీలు తొందరగా ఎండిపోతాయి కాబట్టి మార్చిలోనే మూతలు తీసి చూసుకోవాలి. పోసేది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, ఇంట్లో ఫిల్టర్ నీళ్లు కూడా వద్దు.

ఇక చాలామంది షెడ్లలో చేయని పరీక్ష ఒకటుంది, పాత బండికి ఇంతకంటే పనికొచ్చేది నాకు తెలియదు. మీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల తీగ మొనను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, అంటే వైరును బిగించే క్లాంపు మీద కాదు, మధ్యలోని సీసం ముక్క మీదే గట్టిగా అదమండి. ఎర్ర తీగ మొనను ఇంజిన్ బ్లాకు మీద రంగు, జిడ్డు లేని చోట ఆనించండి. ఇప్పుడు సెల్ఫ్ కొట్టించండి. మీటరు మీద 0.2 వోల్టుల లోపు చూపిస్తే ఎర్తింగ్ బాగున్నట్టు. అర వోల్టు దాటితే బ్యాటరీ నుంచి ఇంజిన్‌కు వచ్చే దారిలో ఎక్కడో కరెంటు ఇరుక్కుంటోంది. అప్పుడు ఎర్ర మొనను ఒక్కో మెట్టు వెనక్కి జరపండి: ఎర్త్ వైరు చివర బోల్టుతో బిగించే లగ్గు మీద, ఆ తర్వాత బ్యాటరీ క్లాంపు మీద. ఎక్కడ రీడింగ్ ఒక్కసారిగా తగ్గిందో, అంతకుముందు పెట్టిన చోటికీ దానికీ మధ్యనే రోగం. ఆ బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కొంచెం వాజిలిన్ పూయండి. హెడ్‌లైట్లు మసకగా ఉండటం, ఇండికేటర్ వేస్తే ఇంకేదో లైటు మిణుకుమనడం లాంటి దయ్యం వేషాలు కూడా చాలావరకు ఎర్త్ పాయింట్ల పనే.

రెండు రోజులు ఆపితే బ్యాటరీ దిగిపోతోందా? మీటర్ ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, నెగటివ్ క్లాంపు ఊడదీసి, క్లాంపుకూ పోస్టుకూ మధ్య మీటర్ పెట్టండి. డోర్లు మూసి అరగంట ఆగాక 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. ఎక్కువుంటే ఒక్కో ఫ్యూజు పీకుతూ పోండి, ఏది పీకితే అంకె పడిపోతుందో ఆ లైన్‌లోనే దొంగ ఉన్నాడు. బయట వేయించిన మ్యూజిక్ సిస్టమ్ మీద నా మొదటి అనుమానం ఎప్పుడూ ఉంటుంది. మీటరు ఇలా మధ్యలో ఉండగా మాత్రం తాళం తిప్పకండి, మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది.

సెల్ఫ్ తిరిగినా బండి అందుకోని పక్షంలో ముందు పెట్రోలు వాసన వస్తోందేమో చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఈ పాత బండ్ల రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు. వాసన వస్తే అన్నీ ఆపేసి పైపులు చూపించుకోండి. వాసన లేకపోతే తాళం ఆన్ చేసి చెవి వెనక సీటు వైపు పెట్టండి, రెండు మూడు సెకన్లు జుయ్‌మని పంపు శబ్దం రావాలి. రాకపోతే ఫ్యూజు, తర్వాత రిలే, అంటే పంపుకు కరెంటు ఇచ్చే చిన్న స్విచ్ డబ్బా చూడండి. ఫ్యూజు పెట్టెలో అదే నంబరున్న ఇంకో రిలే, ఉదాహరణకు హారన్‌ది, దొరికితే మార్చి చూడండి, పైసా ఖర్చు లేని పరీక్ష.

బండి వేడెక్కాక నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, ఇరవై ముప్పై నిమిషాలు చల్లబడ్డాక ఏమీ జరగనట్టు స్టార్ట్ అయితే ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్ మీద గట్టి అనుమానం పెట్టుకోవచ్చు. ఆగిన క్షణంలోనే సెల్ఫ్ కొడుతూ ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు చూడండి, చాలా బండ్లలో అది కొంచెమైనా కదలాలి. సున్నా దగ్గరే పడుకుంటే సెన్సర్ సిగ్నల్ ఇవ్వడం లేదన్నమాట. షెడ్డుకు చేరేసరికి బండి మంచిగైపోతుంది, మెకానిక్ ఏమీ లేదంటాడు, అందుకే ఆ ముల్లు సంగతి ఫోన్లో వీడియో తీసి చూపించండి.

హీటెక్కడంలో కూడా "ఎప్పుడు" అన్నదే అసలు ప్రశ్న. సంక్రాంతి రద్దీలో పంతంగి టోల్‌గేటు క్యూలో ముల్లు ఎక్కి, హైవే మీద స్పీడు అందుకోగానే దిగిందంటే ఫ్యాన్ తిరగడం లేదు: ఫ్యూజు, రిలే, మోటారు, టెంపరేచర్ సెన్సర్ వరసగా చూడాలి. దీనికి తలకిందులుగా, ఊళ్లో బాగానే ఉండి, హైవే మీద స్పీడులోనో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడో హీటెక్కితే రేడియేటర్ పూడుకుపోయి ఉండాలి లేదా వేడికి తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోవడం లేదు. నల్లగొండ బోరు నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, రేడియేటర్‌కు మాత్రం శత్రువు అందులో కరిగి ఉన్న సున్నం. వేడికి అది సన్నటి గొట్టాల లోపల గారలా పేరుకుంటుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేమీ పోయకండి. మూత వేడి మీద తిప్పితే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి, చల్లబడేదాకా ఆగాల్సిందే. కూలెంట్ కారిన జాడ లేకుండా తగ్గిపోతూ, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే, ఆయిల్ మూత కింద పాలమీగడ లాంటి జిగురు కనిపిస్తే ఇంజిన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్ చూపించాలి, అది ఇంటి పని కాదు.

ఐడిల్‌లో, అంటే ఆక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు బండి కుంటుతుంటే, ఇంజిన్ నడుస్తుండగా పెట్రోలు చిమ్మే ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి పెట్టండి. తీసినప్పుడు వణుకు పెరిగితే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు, తేడా ఏమీ రాకపోతే మిస్ కొడుతున్నది అదే. ప్లగ్ వైర్లు మాత్రం పీకొద్దు, షాక్ కొడుతుంది, స్పార్క్ పుట్టించే కాయిల్ కూడా పోవచ్చు. ఆ సిలిండర్ ప్లగ్గు విప్పితే లేత గోధుమ రంగుంటే సరే, పొడి మసి అయితే పెట్రోలు ఎక్కువ వస్తోంది, జిడ్డుగా తడిసి ఉంటే ఆయిల్ పైకెక్కుతోంది.

బండి కంప్యూటర్‌లోని లోపం కోడ్‌లను ఫోన్లో చూపించే బ్లూటూత్ స్కానర్ కొనేవాళ్లకు ఒక మాట. మన దేశంలో ఓబీడీ 2, అంటే బండి తన లోపాలను తానే కోడ్‌గా చెప్పే పద్ధతి, తప్పనిసరైంది 2013 ఏప్రిల్ నుంచి. అంతకుముందు బండ్లలో చాలావాటితో ఈ చౌక స్కానర్లు మాట్లాడవు. మాట్లాడినా కోడ్ చెప్పేది లక్షణమే. పీ0171 వస్తే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు, నిజానికి ఆ కోడ్‌కు అర్థం గాలికి తగినంత పెట్రోలు లేదని. పగిలి ఇంజిన్‌లోకి అదనపు గాలి వదిలే వాక్యూమ్ పైపు కూడా అదే కోడ్ ఇస్తుంది.

వరికోతల కాలంలో, ముఖ్యంగా రైసు మిల్లుల చుట్టుపక్కల ఆపే బండ్లకు ఎలుకల బెడద ఎక్కువ. నిన్నటిదాకా మంచిగున్న బండిలో ఒకేసారి రెండు మూడు వార్నింగ్ లైట్లు వెలిగితే, స్కానర్ కంటే ముందు బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ పెట్టె వెనక, ఇంజెక్టర్ల దగ్గర టార్చి వేసి కొరికిన వైర్లు, రెట్టలు ఉన్నాయేమో చూడండి. తెగిన వైరును మెలేసి టేపు చుట్టడం వద్దు, టంకం వేయించి స్లీవ్ తొడిగించండి. ఆ షార్టుకు 15 ఆంపియర్ల ఫ్యూజు ఎగిరిపోతే మళ్లీ 15దే వేయాలి. 30 వేస్తే ఫ్యూజు బదులు వైరింగే కాలుతుంది.