మన ఆస్పత్రిలో పరిశోధనా? ముందు ఎథిక్స్ కమిటీని రిజిస్టర్ చేయించండి

కర్నూలులో ఒక ఆస్పత్రి ఎథిక్స్ కమిటీకి, అంటే పరిశోధనలో పాల్గొనే పేషెంట్ల హక్కులు, క్షేమం చూసే కమిటీకి, నేను మెంబర్ సెక్రటరీని. పరిశోధన మొదలుపెట్టాలనుకునే డాక్టర్లకు నేను చెప్పేదొకటే: పేషెంట్లను కదిలించకముందే మీ కమిటీని కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ దగ్గర రిజిస్టర్ చేయించండి. కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ మీద 2019లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఇది తప్పనిసరి. కొత్త మందుల ట్రయల్స్‌కైతే దారి వేరు, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓకు వెళ్లాలి.

కనీసం ఏడుగురు సభ్యులుండాలి. సగంమంది బయటివాళ్లు కావాలి, చైర్‌పర్సన్ కూడా బయటివారే. ఒక లాయరు, ఒక మహిళ, వైద్యంతో సంబంధం లేని ఒక సామాన్యుడు ఉండి తీరాలి.

ఈ సామాన్యుడి విషయంలో మాత్రం తొందరపడొద్దు. తలూపి సంతకం పెట్టి పోయే మనిషి వద్దే వద్దు. మా కమిటీలో ఒక రిటైర్డ్ తెలుగు అయ్యవారున్నారు. ఒక సమ్మతి పత్రం చదివి, "రక్తం ఎన్నిసార్లు తీస్తారు సార్? ఆదోని నుంచి వచ్చినాయనకు ఆ పొద్దు కూలి పోతే ఎవరిస్తారు?" అని అడిగారు. అంతమంది డాక్టర్లం ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు. బస్సు చార్జీ, కూలి డబ్బు రాసుకొచ్చాకే ఆ ప్రాజెక్టును ఒప్పుకున్నాం.

ఇక కాగితాలు: సభ్యుల బయోడేటాలు, నియామక పత్రాలు, శిక్షణ సర్టిఫికెట్లు, కమిటీ పనితీరు నియమావళి. అన్నీ స్కాన్ చేసి, ఫారం సీటీ-01తో 'నైతిక్' పోర్టల్‌లో పెట్టాలి. మొదట 2 ఏళ్లకు తాత్కాలిక రిజిస్ట్రేషన్, పరిశీలన అయ్యాక 5 ఏళ్లది ఇస్తారు. సభ్యులు మారితే ఆ సంగతీ ఆరోగ్య పరిశోధన శాఖకు తెలపాలి. మీటింగు మినిట్స్ ఆ రోజే రాసి సంతకాలు తీసుకోండి.