పాత ట్రైనింగ్ రైఫిళ్లు, డ్రిల్ తూటాలు, ఎయిమ్ కరెక్టర్: ఏది ఏంటో, ఎక్కడ పాడవుతుందో, ఎలా వాడుకోవాలో

ఎన్‌సీసీ కోత్‌లో (ఆయుధాలు దాచే గదిలో) ఉన్న పాత త్రీ నాట్ త్రీ (.303) రైఫిళ్లు చూసుకునేవాళ్లకి, తాతగారి ట్రంకుపెట్టెలో విచిత్రమైన ఇత్తడి సామాను దొరికినవాళ్లకి, ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో లైసెన్స్ పద్ధతిలో ఇవి కొనుక్కున్న మనవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. వీటిని మళ్లీ వాడటం అంటే డ్రిల్‌కి, క్లాసులో చూపించడానికి, షోకేసులో పెట్టడానికి అంతే. పేలకుండా చేసిన తుపాకీని మళ్లీ పేలేలా చేసే పని ఎవరూ పెట్టుకోవద్దు, దాని గురించి ఇక్కడ ఏమీ ఉండదు.

ఇండియాలో ఉన్నవాళ్లు ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోవాలి, 1959 ఆయుధాల చట్టంలో ఆయుధం అంటే విడిభాగాలు కూడా వస్తాయి, పైగా త్రీ నాట్ త్రీ మన దగ్గర ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు జనానికి నిషేధించిన సైజు. ఇంట్లో బోల్టో బ్యారెలో దొరికితే సంచిలో వేసుకుని తిరగకండి, ఉన్నచోటే ఉంచి లోకల్ స్టేషన్‌లో చెప్పండి.

సమస్య: డీపీ అని ముద్ర ఉంది, సేఫే కదా అని పిల్లలు ఒకరి మీద ఒకరు గురిపెడుతున్నారు

డీపీ అంటే డ్రిల్ పర్పస్. బోల్ట్ వెనక బట్ సాకెట్ (భుజానికి ఆనించే చెక్క, అంటే బట్, బిగించే చోటు) మీద, బ్యారెల్ మీద, ఒక్కోసారి బోల్ట్ మీద కూడా కొడతారు, చెక్క మీద పెయింట్ పట్టీలు కూడా ఉంటాయి. కానీ ఆ ముద్ర వల్ల తెలిసేది ఒక్కటే, ఈ రైఫిల్ కాల్చడానికి పనికిరాదు అని. లోపల ఏం చేశారన్నది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, కొన్నిట్లో ఫైరింగ్ పిన్ కొన కోసేశారు, కొన్నిట్లో చాంబర్‌కి (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటుకి) రంధ్రం పెట్టారు, కొన్నిట్లో అయితే అరిగిపోయిందని ముద్ర కొట్టి వదిలేశారు అంతే, మెకానిజం మొత్తం అలాగే ఉంటుంది. అంటే తూటా పెడితే పేలే అవకాశం ఉంది, పేలితే కాల్చినవాడి మొహం మీదకే రావచ్చు. చేయాల్సింది ఏంటంటే చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ మ్యాగజైన్ తీసి, బోల్ట్ తెరిచి, చాంబర్‌లో కళ్లతో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, ఆ తర్వాతే ఇంకొకరికి ఇవ్వాలి. ఇందులో మాత్రం ఎవరికీ మినహాయింపు ఇవ్వకండి.

సమస్య: డీపీ ముద్ర లేదు, కానీ మామూలు రైఫిల్‌లా కూడా లేదు

మ్యాగజైన్ ఉండాల్సిన చోట చెక్క దిమ్మ బిగించి ఉంటే అది ట్రైనింగ్ రైఫిల్ కాదు, బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ పాయింట్ 410 మస్కెట్ అయ్యుంటుంది, పోలీసులకి, కాపలా డ్యూటీలకి ఒక్కో తూటా పెట్టి కాల్చేలా మార్చినది. బ్యారెల్ కింద ఉండే ముందు చెక్కకి తీగ చుట్టి ఉంటే గ్రెనేడ్ విసరడానికి బిగించిన రైఫిల్, దాన్నీ చాలామంది డ్రిల్ రైఫిల్ అనుకుంటారు. బ్యారెల్ కన్నం చూడగానే సన్నగా కనబడి, బోల్ట్ ముఖం మీద పిన్ రంధ్రం మధ్యలో కాకుండా అంచు వైపు ఉంటే అది పాయింట్ టూ టూ ట్రైనర్, బ్రిటిష్ వాళ్ల నంబర్ 2 రైఫిల్. పాత ఎస్ఎంఎల్ఈనే (త్రీ నాట్ త్రీ పాత మోడల్, దీన్నే నంబర్ 1 అంటారు) మార్చి తక్కువ ఖర్చుతో, తక్కువ దూరంలో కాల్పులు నేర్పడానికి చేశారు. అందులో మ్యాగజైన్ డబ్బా ఖాళీగా ఉంటుంది, లోపల స్ప్రింగు పోయిందని వెతుక్కోకండి, కాల్చిన ఖాళీ తూటాలు అందులో పడటానికే అలా ఉంచారు.

ఈ పాయింట్ టూ టూలో ఖాళీ తూటా బయటికి రాక ఇరుక్కుంటుంటే చాలాసార్లు కారణం తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కడమే. పిన్ వెళ్లి చాంబర్ అంచుకి కొట్టుకుని అక్కడ లోహం లోపలికి నొక్కుకుపోతుంది. ఆకురాయి పెట్టి గీకితే చాంబర్ పోతుంది, తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌కి ఇవ్వండి. ఇకమీదట దీంతో ఖాళీగా ట్రిగ్గర్ నొక్కనివ్వకండి.

సమస్య: డ్రిల్ తూటాలు మ్యాగజైన్‌లో ఇరుక్కుంటున్నాయి

ముందు అవి డ్రిల్ తూటాలేనా చూడండి. త్రీ నాట్ త్రీ డ్రిల్ తూటా ఎక్కువగా తెల్లగా మెరిసే పూతతో ఉంటుంది, ఒంటి మీద నిలువు గాడులు, వాటిలో ఎర్ర రంగు, అడుగున ప్రైమర్ (పిన్ తగిలితే మందు అంటించే బిళ్ల) ఉండాల్సిన చోట ఖాళీ. ప్రైమర్ ఉంది, రంగు లేదు అంటే డ్రిల్ తూటా అనుకోవద్దు, బ్లాంక్ (బుల్లెట్ లేకుండా మందు మాత్రమే ఉన్న తూటా) అయినా దగ్గర్నుంచి ప్రమాదమే. దాన్ని ఊపడం, కొట్టి చూడటం చేయకుండా పక్కన పెట్టి చెప్పాల్సినవాళ్లకి చెప్పండి.

డ్రిల్‌వే అని తేలాక, ఇరుక్కోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ అంచులే. ఈ తూటాకి అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది కదా, పై తూటా అంచు కింద తూటా అంచుకి వెనక పడితే పైది ముందుకి కదలదు, బోల్ట్ ఎంత బలంగా తోసినా రాదు. ఒక్కోటి పెట్టేటప్పుడు పైదాని అంచు కిందదాని అంచుకి ముందు ఉండేలా పెట్టండి, 10 తూటాలూ సాఫీగా వెళ్తాయి. అయినా ఇరుక్కుంటే మ్యాగజైన్ మీద అనుమానం పెట్టుకోండి, నంబర్ 1, నంబర్ 4 రెండూ త్రీ నాట్ త్రీ మోడళ్లే, వాటి మ్యాగజైన్లు చూడటానికి ఒకేలా ఉన్నా ఒకదానిది ఇంకోదానికి సరిగ్గా కూర్చోవు. చెక్క బుల్లెట్ విరిగిన తూటాలు, అంచు చిరిగినవి ఏరి పారేయండి, ఆ చెక్క ముక్క చాంబర్‌లో ఉండిపోతే తర్వాతది మూసుకోదు. ముక్క ఉంటే బోల్ట్ తీసేసి, మూతి వైపు నుంచి క్లీనింగ్ రాడ్‌తో మెల్లగా వెనక్కి నెట్టండి.

సమస్య: బాజూ శస్త్ర (రైఫిల్ బట్‌ని నేలకి ఆనించి పక్కన పట్టుకునే డ్రిల్) చేసినప్పుడల్లా బట్ గలగలమంటోంది

ఎక్కువ రైఫిళ్లు పాడయ్యేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. మన ఎండలకి చెక్క ఎండి కుంచించుకుపోతుంది, రోజూ బట్ నేలకి తగులుతుంటుంది, లోపల పొడుగ్గా ఉండే స్టాక్ బోల్ట్ వదులవుతుంది. బిగించడానికి అందరూ చేసే పని బట్ ప్లేట్ మూత తెరిచి, పొడుగు స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పేయడం. నంబర్ 1 ఎస్ఎంఎల్ఈలో అలా అస్సలు చేయకూడదు. ఆ బోల్ట్ ముందు కొన చదరంగా ఉండి, ముందు చెక్క వెనక భాగంలో ఉన్న చిన్న ప్లేట్‌లో కూర్చుని ఉంటుంది, బోల్ట్ తనంతట తాను వదులవకుండా ఆ ప్లేట్ పట్టుకుంటుంది. ముందు చెక్క తీయకుండా తిప్పితే ఆ చదరపు కొన తిరిగి చెక్కని లోపలి నుంచి చీల్చేస్తుంది. మీ దగ్గరున్న రైఫిళ్లలో ముందు చెక్క వెనక కొస, ట్రిగ్గర్ దగ్గర, నిలువుగా పగిలి ఉంటే ఎవరో ఇదే పని చేసి ఉండొచ్చు.

సరైన పద్ధతి ఏంటంటే ముందు చెక్క పూర్తిగా విప్పి పక్కన పెట్టాలి, అప్పుడు బట్ వెనక నుంచి స్టాక్ బోల్ట్ బిగించాలి, బిగించాక చదరపు కొన ప్లేట్‌కి సరిపడా నిటారుగా వచ్చిందో లేదో చూసి, అప్పుడే చెక్క మళ్లీ ఎక్కించాలి. బట్ మారుస్తున్నారా, అయితే పైన ఎల్, ఎస్, బి అక్షరాలు చూడండి, పొడుగు, పొట్టి, మరీ పొట్టి బట్‌లకి గుర్తులు అవి, పొట్టి క్యాడెట్లకి ఎస్ లేదా బి ఇస్తే డ్రిల్ చాలా తేలికవుతుంది.

చెక్క ఎండకుండా పచ్చి అవిసె నూనె అరచేత్తో పలుచగా రాసి, ఆరాక మళ్లీ రాయండి. వార్నిష్ వద్దు, సాండ్ పేపర్ అసలే వద్దు, ఆ చెక్క మీద ఉన్న ముద్రలే దాని చరిత్ర, గీకితే ఇక తిరిగి రావు. నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, అవిసె నూనె గుడ్డ వేడెక్కి తనంతట తానే అంటుకుంటుంది. విడదీసి బయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పారేయండి. బ్యారెల్‌లో పాత గ్రీజు గడ్డకడితే కిరసనాయిలు, తర్వాత పుల్ త్రూకి (బ్యారెల్‌లోంచి లాగే తాడుకి) పొడి చిందీ (గుడ్డ ముక్క) కట్టి లాగడం, చివర్లో పలుచగా నూనె చిందీ, ఇంతే.

సమస్య: ఇత్తడి ఫ్రేములో నల్ల అద్దం ముక్క, ఎందుకో తెలీట్లేదు, ఏమీ కనబడట్లేదు

అది ఎయిమ్ కరెక్టర్, దొరికితే అదృష్టం. వెనక సైటు దగ్గర తగిలిస్తే ఏటవాలుగా ఉన్న ముదురు అద్దంలోంచి కాల్చేవాడు తన గురి చూస్తాడు, పక్కన నిలబడ్డ ఇన్‌స్ట్రక్టర్‌కి అదే గురి ప్రతిబింబంలో కనబడుతుంది. ఏమీ కనబడకపోతే ఎక్కువసార్లు అద్దం మీద నూనె పొర, లేదా ఎవరో పగిలినదాని బదులు మామూలు అద్దం, అంటే వెనక పూత ఉన్నది పెట్టేశారు, అప్పుడు కాల్చేవాడికి ఎదురుగా ఏమీ కనబడదు. మెత్తటి గుడ్డతో తుడవండి, మార్చాల్సి వస్తే పూత లేని ముదురు రంగు గాజు సన్నగా కోయించి పెట్టండి. వెనకాల వెలుగు తక్కువున్న వైపు నిలబడి చూడండి, తేడా తెలుస్తుంది.

దీని తోడుగా మధ్యలో రంధ్రం ఉన్న చిన్న రేకు బిళ్ల కూడా దొరకొచ్చు. పాతకాలంలో ఇన్‌స్ట్రక్టర్ దాన్ని కంటి ముందు పెట్టుకుని, సైనికుడి చేత ఆ కంటికే గురిపెట్టించేవాడు. ఇప్పుడు మాత్రం ఖాళీ రైఫిల్‌తో కూడా అలా చేయకండి, బిళ్లని గోడకి అంటించి, గురి చూడటానికి ఎయిమ్ కరెక్టర్ వాడండి.