నైతిక కమిటీకి ప్రతిపాదన పంపే ముందు

మనుషులపై జరిపే వైద్య పరిశోధనకు మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన మార్గదర్శకాలే ఆధారం కాబట్టి, ప్రతిపాదన రాయడానికి ముందే వాటిని చదవాలి. పరిశోధనలో పాల్గొనేవారి హక్కులకు, క్షేమానికి భంగం లేదని చూసి అనుమతించే ఈ నైతిక కమిటీలో 7 నుంచి 15 మంది సభ్యులుంటారు. అధ్యక్షులు బయటి సంస్థకు చెందినవారై ఉండాలి, కనీసం ఐదుగురు హాజరైతేనే కోరం, అంటే సమావేశం చెల్లడానికి కావలసిన హాజరు, ఉన్నట్టు.

జాగ్రత్త అంతా, పాల్గొనేవారు చదివి ఒప్పుకునే సమ్మతి పత్రం దగ్గరే కావాలి. "5 మి.లీ. రక్తం" అని రాసి ఊరుకోకుండా, అది సుమారు ఒక చెంచాడని, సూది గుచ్చినచోట కాస్త నొప్పి ఉంటుందని, ఎప్పుడైనా తప్పుకోవచ్చని, తప్పుకున్నా మామూలు వైద్యం ఆగదని వాడుక తెలుగులో రాయాలి. ఇంగ్లీషు పత్రాన్ని మక్కికి మక్కి దించారేమోనని అనుమానముంటే, ఇంట్లో అమ్మమ్మకు చదివి వినిపించి చూడండి. పరిశోధకులే కమిటీ సభ్యులైతే, తమ ప్రతిపాదనపై నిర్ణయం తీసుకునేటప్పుడు గది బయట ఉండాలి. రాతపూర్వక అనుమతి చేతికి అందేవరకు ఒక్కరి నమూనా కూడా సేకరించరాదు.