భూకంపలేఖ చదవడం, 6వ పాఠం: తేడా వేరు, ప్రయాణకాలం వేరు

ఈ పాఠాన్ని భూమి లోపలి పొరలతో మొదలుపెట్టాలనుకున్నాను. గత పాఠం చివర ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక, ముందుగా వాటి సంగతి తేల్చక తప్పడం లేదు.

2024 డిసెంబర్ 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 పరిమాణంతో భూకంపం వచ్చింది (పత్రికలు తీవ్రత అని రాసేది ఈ పరిమాణాన్నే). రాజమండ్రిలో ఒక భూకంపలేఖిని ఉందనుకుని, అందులో పి-తరంగం (భూకంపం నుంచి ముందుగా చేరేది) పడిన 27 సెకన్లకు ఎస్-తరంగం (దాని వెనక నెమ్మదిగా వచ్చేది) పడిందనుకుని, భూకంపం ఎంత దూరంలో పుట్టిందో చెప్పమన్నాను. ఈ 27 లెక్క కోసం నేను కట్టిన అంకె. భూపటలంలో, అంటే భూమి పైపొరలో, పి-తరంగం సెకనుకు 6 కిలోమీటర్లు, ఎస్-తరంగం 3.5 కిలోమీటర్లు పోతుందని కూడా ఇచ్చాను. ఎక్కువమంది 27ను 6తో గుణించి 162 అన్నారు. కొందరు 3.5తో గుణించి 94.5 అన్నారు. ఇంకొందరు రెండు వేగాల తేడా 2.5తో గుణించి 67.5 అన్నారు. ఈ మూడో జవాబు పంపినవారికి తేడాతో ఏదో చేయాలని తెలిసింది గాని, ఏం చేయాలో తెలియలేదు.

పటం దగ్గరికి వెళ్లి ఉంటే ఎవరికి వారే తప్పు పట్టుకునేవారు. నా గదిలో గోడకు రెండు రాష్ట్రాల జిల్లాల పటం ఒకటి ఉంది. దాని మీద రాజమండ్రి దగ్గర గుండుసూది గుచ్చి, కొలత ప్రకారం ముడి వేసిన దారంతో వృత్తం గీస్తాను. ఫోనులో గీసే సదుపాయాలు ఉన్నా, దారం చేతిలో ఉంటే దూరం మనసులో నిలుస్తుందని నా నమ్మకం. 67.5 కిలోమీటర్ల దారం పాపికొండల దగ్గరే ఆగిపోయింది, 94.5 భద్రాచలం చేరలేదు. 162 మణుగూరు కాస్త దాటి నిలబడింది. ములుగు భూకంప స్థానం అక్కడికి ఇంకా చాలా దూరం.

తప్పు ఎక్కడుందంటే, 27 సెకన్లు ఏ తరంగానికీ ప్రయాణకాలం కాదు. భూకంపం పుట్టిన క్షణం రాజమండ్రిలోని పరికరానికి తెలియదు. ముందు వచ్చినదానికీ వెనక వచ్చినదానికీ మధ్య ఎడం మాత్రమే దానికి తెలుసు. ఒకే ఊరి నుంచి ఒకే క్షణంలో ఒకరు మోటారుసైకిలు మీద, ఒకరు సైకిలు మీద బయలుదేరారనుకోండి. మోటారుసైకిలుకు కిలోమీటరుకు 2 నిమిషాలు, సైకిలుకు 6 నిమిషాలు పడితే, కిలోమీటరు గడిచేకొద్దీ వారి మధ్య ఎడం 4 నిమిషాల చొప్పున పెరుగుతుంది. మీ వీధి అరుగు మీద కూర్చున్న మీకు మోటారుసైకిలు వచ్చిన 40 నిమిషాలకు సైకిలు కనిపిస్తే, వారు 10 కిలోమీటర్ల నుంచి వచ్చారని, బయలుదేరిన వేళ తెలియకుండానే చెప్పగలరు.

ఇక్కడ తీసివేయవలసింది వేగాలను కాదు, ఒక్కో కిలోమీటరుకు పట్టే కాలాలను. పి-తరంగానికి కిలోమీటరుకు 0.167 సెకను, ఎస్-తరంగానికి 0.286 సెకను, తేడా 0.119. 27ను 0.119తో భాగిస్తే దాదాపు 227 కిలోమీటర్లు వస్తుంది. మరో మాటలో, ఎడం ఒక్క సెకను పెరిగితే దూరం 8.4 కిలోమీటర్లు పెరిగినట్టు. నేనైతే 8.4తో కూడా గుణించను. 8తో గుణించి, వచ్చినదానికి ఇరవయ్యో వంతు కలుపుతాను. 216కు 10.8 కలిపితే 226.8. నోటితోనే అయిపోతుంది.

ఇక నా వైపు నుంచి ఒక ఒప్పుకోలు. ఈ లెక్కలో తరంగాలు రెండూ భూపటలంలోనే తిన్నగా వచ్చాయని అనుకున్నాను. 230 కిలోమీటర్ల దగ్గర అది పూర్తిగా నిజం కాదు. అసలు రికార్డులో పి-తరంగం మనం లెక్కించిన వేళకంటే కొంచెం ముందే పడుతుంది. ఈ తొందర నుంచే నేటి పాఠం మొదలవుతుంది.

కాలువ గట్టు మీద గంటకు 30 కిలోమీటర్లు, జాతీయ రహదారి మీద 60 కిలోమీటర్లు పోగలమనుకుందాం. రహదారి ఎక్కడానికీ దిగడానికీ కలిపి 20 నిమిషాలు పోతాయి. 10 కిలోమీటర్ల ఊరికి గట్టు దారే మేలు. 20 కిలోమీటర్ల దగ్గర రెండూ సమానం. ఆపైన చుట్టు తిరిగినా రహదారివాడే ముందు చేరతాడు. 1909లో క్రొయేషియాలో వచ్చిన ఒక భూకంపపు రికార్డులను చూస్తూ అక్కడి శాస్త్రవేత్త మొహొరొవిచిచ్ గమనించింది ఇదే: కొంత దూరం దాటిన కేంద్రాలకు, కిందికి దిగి వేగమైన పొరలో పరుగెత్తి మళ్లీ పైకొచ్చిన తరంగం ముందుగా చేరుతోంది. భూపటలం కింద ఉన్న ఆ వేగమైన పొరే ప్రావారం; అందులో పైభాగాన పి-తరంగం సెకనుకు 8 కిలోమీటర్లు పోతుంది. భూపటలం మందం 35 నుంచి 40 కిలోమీటర్లు ఉన్నచోట, భూకంపం పైపైన పుట్టినదైతే, ఈ దారి మార్పు ఇంచుమించు 200 కిలోమీటర్ల దగ్గర జరుగుతుంది.

మిగిలిన పొరల లోతులు పాఠ్యపుస్తకంలో ఉన్నవే: ప్రావారం 2,890 కిలోమీటర్ల వరకు, బాహ్య కేంద్రమండలం 5,150 వరకు, అక్కడి నుంచి 6,371 వరకు అంతర కేంద్రమండలం. ఇది బట్టీ పట్టడానికి పాఠం అక్కరలేదు.

నాకు నిజంగా చిరాకు తెప్పించేది మరొకటి. భూపటలం కింద అంతా కుతకుత ఉడికే లావా అని, మనం దాని మీద మీగడలా తేలుతున్నామని చదువుకున్నవారు కూడా అంటారు. ఒక పాఠకుడు నన్నే సాక్ష్యానికి పిలిచారు: "కాతేరు నల్లరాయి ఒకప్పుడు కరిగి వచ్చిన లావా అని మీరే రాశారు కదండీ, అయితే కింద ఉన్నది ద్రవమే కదా?" రాజమండ్రి పక్కనున్న కాతేరు రాయి లావాయే; సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది. అయితే అది ప్రావారంలో ఎక్కడో కొంత మేర, అదీ రాతిలో కొద్ది శాతమే కరిగితే, ఆ కరిగినది పైకి చేరినది. చెరుకు గానుగలోంచి రసం కారినంత మాత్రాన తోటంతా రసమే అనం.

ప్రావారం ఘనమని ఎలా తెలుసు? ఎస్-తరంగం చెబుతుంది. అది పదార్థాన్ని పక్కకు ఊపుతూ పోతుంది. ఊపిన పదార్థం తిరిగి తన ఆకారానికి రావడానికి పెనుగులాడితేనే ముందుకు సాగుతుంది. నీటికి ఆ పెనుగులాట లేదు. కాలువలో అలలు ఊగుతాయి కదా అంటారేమో, అవి నీటి పైభాగాన్ని గురుత్వం సర్దడం వల్ల వచ్చేవి, వేరే సంగతి. ప్రావారం ద్రవమైతే సుమత్రాలో పుట్టిన ఎస్-తరంగం అందులోకి దిగి హైదరాబాద్ చేరేదే కాదు, చేరుతోంది. అది నిజంగా మాయమయ్యేది భూకంపానికి 103 డిగ్రీలు (భూమి కేంద్రం దగ్గర కొలిచే కోణం) దాటిన చోట్ల. అక్కడికి తిన్నగా పోయే దారి 2,890 కిలోమీటర్ల లోతు దాటాలి. భూమికి కేంద్రమండలం ఉందని మన దేశపు భూగర్భ సర్వేలో పనిచేసిన ఓల్ధామ్ 1906లో చూపాడు. అది ద్రవమని 1926లో బ్రిటిష్ శాస్త్రవేత్త జెఫ్రీస్ తేల్చాడు. ద్రవం అనే మాట బాహ్య కేంద్రమండలానికే దాచుకోండి. పి-తరంగం కూడా అక్కడ వంగి, 103 నుంచి 142 డిగ్రీల మధ్య నీడ వదులుతుంది. ఆ నీడలో పడకూడని బలహీనమైన పి-తరంగాలు పడుతున్నాయని పట్టుకుని, మధ్యలో మరో గోళం ఉందని 1936లో చెప్పినది డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమన్.

"అంత వేడిలో కరగదా? ఘనమైతే ఎలా ప్రవహిస్తుంది?" అన్నవి తరవాతి ప్రశ్నలు. ఒత్తిడి పెరిగేకొద్దీ రాయి కరగడానికి కావలసిన వేడి కూడా పెరుగుతుంది, అందుకే కరగదు. ప్రవహించడానికి తారును చూడండి. రోడ్డు పని ఆగిపోయిన చోట పక్కన పడి ఉన్న తారు ముద్దను సుత్తితో కొడితే గాజులా పెళుసుగా విరుగుతుంది. అదే ముద్ద రోహిణి కార్తె దాటేసరికి, ఎవరూ ముట్టుకోకపోయినా, కింద చదునుగా పరుచుకుని ఉంటుంది. ఎస్-తరంగం సుత్తి దెబ్బ లాంటిది, సెకన్లలో అయిపోతుంది. దానికి ప్రావారం ఘనం. ఖండాల కదలిక లక్షల ఏళ్ల వ్యవహారం. దానికి అదే ప్రావారం దారి ఇస్తుంది.

అభ్యాసం ఒక్కటే, కానీ తీరిగ్గా చేయండి. 2004 డిసెంబర్ 26 నాటి సుమత్రా భూకంపపు తరంగాల్లో పి-తరంగం హైదరాబాద్ చేరడానికి ఇంచుమించు 5 నిమిషాలు, ఎస్-తరంగానికి ఇంచుమించు 9 నిమిషాలు పడుతుంది. దూరం సుమారు 2,450 కిలోమీటర్లు. నా ఇరవయ్యో వంతు పద్ధతితో 2,016 మాత్రమే వస్తుంది. 8.4కు బదులు ఏ గుణకం కావాలో కనుక్కోండి. తరవాత పి-తరంగానికి సెకనుకు 8, ఎస్-తరంగానికి 4.5 కిలోమీటర్ల వేగం తీసుకుని, పైన చెప్పిన భాగహారంతో ఆ గుణకాన్ని విడిగా రాబట్టి, రెండింటినీ పక్కపక్కన పెట్టండి. దగ్గరగా రాకపోతే, మళ్లీ వేగాలనే తీసివేశారేమో చూసుకోండి.