వానాకాలంలో గట్టు రోడ్డు మీద సైకిల్: పనికెళ్లేవాళ్లకూ, సరదాకి తొక్కేవాళ్లకూ జాగ్రత్తలు

కాలవలకు నీళ్లొదిలి వానలు పట్టాయంటే గోదావరి డెల్టాలో గట్టు రోడ్ల తీరే మారిపోతుంది. ఒక పక్క నిండు కాలవ, ఇంకో పక్క నాట్లకి దమ్ము చేసిన (నీళ్లు పెట్టి బురదగా దున్నిన) చేలు, మధ్యలో ఒక్క లారీ పట్టే తారు. రోజూ పనికెళ్లేవారు వానని మానుకోలేరు. టైముకి చేరాలి. తెలిసిన రోడ్డే కదా అని తొక్కేస్తారు, నిన్న లేని గొయ్యి ఇవాళ నీళ్ల కింద ఉంటుంది. ఆదివారం సరదాకి తొక్కేవారికి తొందర లేదు గానీ వేగం మీద మోజు, పైగా రోడ్డు కొత్త.

పనికెళ్లేవారు ముందు చూసుకోవాల్సింది బ్రేకులు. పాత పెద్ద సైకిళ్లవి స్టీలు రిమ్ములు. తడిస్తే రబ్బరు పట్టదు, ఆగడానికి రెట్టింపు దూరం పైనే పడుతుంది. వంతెన, మలుపు రాకముందే బ్రేకు మెల్లగా రాయించి రిమ్ము మీది నీళ్లు తుడవాలి, తర్వాతే గట్టిగా నొక్కాలి. రిమ్ముకీ రబ్బరుకీ సందు 2-3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. గాడి అరిగిన రబ్బర్లు జూన్‌లోపే మార్చేయండి.

గొడుగు మాత్రం వద్దే వద్దు. ఎడమ చేత్తో గొడుగు పడితే మిగిలేది కుడి చేతి బ్రేకు, మన సైకిళ్లలో చాలావాటికి అది ముందు చక్రానిది. బురద మీద ముందు చక్రం ఒక్కటే పట్టేస్తే పక్కకి జారుతుంది, పడేది కాలవలోకో లారీ కిందకో. రెయిన్‌కోటు వేసుకోండి. అన్నం క్యారేజీ హ్యాండిల్‌కి తగిలించకుండా వెనక క్యారియర్‌కి ట్యూబు ముక్కతో బిగించండి.

లారీ హారన్ కొడితే పనికెళ్లేవారు అలవాటుగా తారు దిగిపోతారు, సరదాకి తొక్కేవారు దిగరు. వానాకాలంలో రెండూ ముప్పే. తడిసిన బంకమట్టి అంచు చక్రాన్ని కాలవ వైపు లాగుతుంది. లారీ దూరాన ఉండగానే ఆగి, కాలు కింద పెట్టి, సైకిల్ నడిపించుకుంటూ పక్కకి తప్పుకోండి. మళ్లీ తారెక్కేటప్పుడు ఏటవాలుగా ఎక్కించకండి, చక్రం ఎత్తి పెట్టండి.

గుంపుగా వెళ్లేవారు జంటగా కాదు, ఒకరి వెనక ఒకరు, మధ్య కనీసం రెండు సైకిళ్ల ఎడం. సన్న టైర్లలో మామూలు గాలి కన్నా 5-10 పౌండ్లు తగ్గించండి. దమ్ము ట్రాక్టర్లు రోడ్డెక్కిన చోట తారంతా బురదే. అక్కడ బ్రేకు వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా తిన్నగా దాటాలి. భీమవరం వైపు చేపల లారీల నుంచి కారే నీళ్లూ అంతే జారుడు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది రాగానే లంకల (నది మధ్య దీవుల) వైపు సరదా ప్రయాణాలు ఆపేయండి. పనికెళ్లేవారు ముందు రాత్రే వేరే దారి చూసుకోండి. కాజ్‌వే (నీళ్లకి అడ్డంగా వేసిన తక్కువ ఎత్తు దారి) మీద నీళ్లు పారుతుంటే పాదాలు మునిగేంతే కదా అని దిగకండి. అంచు కనబడదు, నీటి ఉరవడి చక్రాలను పక్కకి తోసేస్తుంది.

ఇంటికొచ్చాక చెయిన్ పొడిగుడ్డతో తుడిచి ఒక్కో లింకుకి ఒక్కో చుక్క నూనె వేయండి. చక్రాల ఇరుసులు నీళ్లలో మునిగితే విప్పించి కొత్త గ్రీసు పెట్టించండి, లేకపోతే బాల్సు తుప్పు పడతాయి.