ఒక్క మాటకు ఒక్క పని

పదిహేనేళ్ళ పిల్లగాడు బోళ్ళు సగం తోమి, నల్లా వదిలేసి పోతే ఎవరైనా "మొండోడు" అనే అంటారు. పిల్లవాడికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్, అంటే కడుపులో ఉన్నప్పుడు తల్లి తాగిన మద్యం వల్ల బిడ్డకు వచ్చే జబ్బు, ఉంటే ఆ మాట ఇంట్లో వినపడనీయకండి. దేవరకొండ దగ్గర మా చెల్లె కొడుకును నేనే పెంచుతున్నాను. వాడు కడుపులో ఉన్నప్పుడు మా చెల్లె సాయంత్రం పూట కల్లు తాగేది. కల్లు చలువ అంటారు కదా మా దిక్కు. పులిసిన కల్లులోదీ ఆల్కహాలేననీ, తల్లి తాగింది బిడ్డకూ చేరుతుందనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె మీద నాకు కోపం లేదు. మెదడుకు జరిగిన నష్టం మందులతో పోదు, పనులు మాత్రం నేర్పవచ్చు.

"వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, బర్రెకు గడ్డేసి రా" అంటే మావాడికి చివరి మాటే మిగులుతుంది. ఒక్కోసారి అదీ మిగలదు. అందుకే ఒక్క మాటకు ఒక్క పని. పేరు పెట్టి పిలుస్తాను, నా దిక్కు చూశాక "చీపురు తీస్కో బిడ్డా" అంటాను. తీసుకున్నాక "గడప నుంచి వేపచెట్టు దాకా ఊడువు" అంటాను. "మంచిగ ఊడువు" అంటే వాడికి ఏమీ తెలియదు. చెప్పింది మళ్ళీ చెప్పమంటే గడగడా చెప్తాడు. దాన్ని నమ్మకండి, చేసి చూపించమనండి.

బోళ్ళ పనికి నేను చేసిన ఏర్పాటు ఇది. ఎడమవైపు నీలం టబ్బులో ఎంగిలి బోళ్ళు, ముందర సబ్బు, కుడివైపు నీళ్ళ బకెట్, దాని పక్కన జాలీ బుట్ట. ఇవి ఎప్పుడూ ఇదే వరుసలో, ఇదే బండ మీద ఉంటాయి. నీలం టబ్బు ఖాళీ అయితే పని అయిపోయినట్టు. అది వాడి కంటికే కనిపిస్తుంది, నన్ను అడగాల్సిన పని లేదు. ఒక్కో మెట్టుకు వాడి చేతులే ఫొటో తీసి, ప్రింట్లు వేయించి, గోడకు అంటించాను. స్టీలు పీచు గీరే చప్పుడుకు చెవులు మూసుకుని లేచిపోయేవాడు. కొబ్బరి పీచు ఇచ్చాక కూర్చుంటున్నాడు. మాడిన గంజు మాత్రం నేనే తోముతాను, దాని దగ్గర ఓపిక చచ్చిపోతుంది వాడికి.

ఇక్కడ వచ్చిన పని ఇంకో ఇంట్లో రాకపోవచ్చు. నల్లగొండలో మా ఆడబిడ్డ ఇంట్లో సింకు ముందు అట్లనే నిలబడ్డాడు. నిన్న చేసిన పని ఇవాళ మరిచిపోవడమూ ఉంటుంది. "నిన్న చేసినవు గదా" అనకుండా మొదటి ఫొటో దగ్గరికి తీసుకుపోండి. శిక్షలతో లాభం లేదు. పొద్దున పని ఎగ్గొట్టినందుకు సాయంత్రం ఫోన్ గుంజుకుంటే ఆ రెంటికీ సంబంధం వాడికి తట్టదు, ఉత్త ఏడుపే మిగులుతుంది. పక్కన కూర్చుని మిగిలిన రెండు గ్లాసులు తోమించడం నయం.

"పది నిమిషాల్లో" అన్నా లెక్క అందదు. అందుకే నల్లా రాగానే బిందెలు, దీపం పెట్టే వేళకు తీగ మీది బట్టలు. గ్యాస్ పొయ్యి, బోరు మోటరు స్టార్టర్ పెద్దవాళ్ళు పక్కన లేకుండా ముట్టనివ్వను. ఇందులో బేరం లేదు.

కిరాణం పంపితే ఒకటే దుకాణం, ఒకటే సామాను, సరిపోను పైసలు, చీటీ. ఎవరు నవ్వుతూ అడిగినా జేబులోది ఇచ్చేస్తాడు కాబట్టి సేటుకు ముందే చెప్పి పెట్టాను. చుట్టాలు వచ్చి "పోయి కల్లు తేరా" అని సీసా చేతికిస్తే అక్కడే గుంజుకుంటాను. వాళ్ళు అలిగితే అలగనీ.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఈ జబ్బు పేరు విడిగా లేదు. వికలాంగుల సర్టిఫికెట్ కోసం పరీక్షించే సదరం క్యాంపులో బుద్ధిమాంద్యం కింద గానీ, చదువు నేర్చుకోవడంలో ఇబ్బంది కింద గానీ చూస్తారు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం నడిపే జాతీయ సంస్థ (ఎన్‌ఐఈపీఐడీ)లోనూ పరీక్షలు చేస్తారు. గర్భంలో ఉన్నప్పటి కల్లు సంగతి డాక్టర్‌కు దాచకండి. ఏ పని వాడే చేసుకుంటాడు, దేనికి పక్కన మనిషి కావాలి, ఏది అసలే రాదు అని ఒక నోట్‌బుక్‌లో రాసుకుపోండి. అక్కడ అడిగేది ఎక్కువగా అదే.